ఆ వీడియోలో ఉన్నది నేనే

మీ ఫోనుకు కూడా వచ్చే ఉంటుంది ఆ వీడియో. నీలం చొక్కా వేసుకున్న నడివయసు మనిషి, వెనక గులాబీ రంగు కర్టెను, చేతిలో ప్లాస్టిక్ పూలగుత్తి. "నేను బొగ్గుబాయిల సర్దారును. మోతకు నా చెవులు పోయినయి. రెండు ఇంజెక్షన్లకే మళ్ల వినపడ్తున్నది. డాక్టర్ సారు దేవుడు" అంటాడు. చివర్లో నవ్వుతాడు కూడా. ఆ నవ్వు చూస్తే వాడి చెంప పగలగొట్టాలనిపిస్తుంది నాకు. పగలగొట్టలేను, ఎందుకంటే వాడు నేనే.

ఆ వీడియో తీసి ఏడాది దాటింది. నేను సర్దారునని, మోతకు చెవులు పోయాయని అన్న మాటలే అందులో నిజం, ఇప్పుడు మొదటిది కూడా కాదు. అయినా వీడియో మాత్రం ఊళ్లు తిరుగుతూనే ఉంది. ముఖపరిచయం లేనివాళ్లు ఎక్కడెక్కడి నుంచో ఫోన్లు చేసి అడుగుతున్నారు. ఒక్కొక్కరికి చెప్పే ఓపిక లేక, చెప్పినా వాళ్లు తిరిగి ఏమంటున్నారో సరిగా వినపడక, ఇలా రాస్తున్నాను. ఆ డాక్టరు పేరు రాయను. రాస్తే అదీ ప్రచారమే. నా వల్ల అతనికి జరిగిన ప్రచారం చాలు.

భూపాలపల్లి బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు భూమి కింద పనిచేశాను, చివరి పద్నాలుగేళ్లు సర్దారుగా. సర్దారంటే తలపాగా, గుర్రం ఊహించుకోకండి. మనుషులు బొగ్గు తీసే చోటికి వాళ్లకన్నా ముందు వెళ్లి, అక్కడ పని చెయ్యొచ్చో లేదో చెప్పేవాడు. గ్యాస్ చూస్తాడు, గాలి చూస్తాడు, అన్నింటికన్నా ముఖ్యంగా నెత్తి మీది కప్పు చూస్తాడు. కప్పును కళ్లతో చూడటం కాదు. ఇనుప పొన్ను తొడిగిన కట్టెతో పైరాయిని కొట్టి వినాలి. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిన రాయి డొల్లగా, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగుతుంది. ఖంగుమంటే మనుషులు లోపలికి రావచ్చు, డొల్లగా మోగితే వెనక్కి పోవాలి. ఆ తేడా పట్టడంలో నాకు పేరుండేది. మా బాయిలో నన్ను చెవుల సర్దార్ అనేవాళ్లు. ఆ పేరు వింటే నాకు ఒళ్లు పొంగిపోయేది.

మిషన్ల మోత నుంచి కాపాడుకోవడానికి చెవుల్లో పెట్టుకునే మెత్తటి ప్లగ్గులు మాకు ఇచ్చేవాళ్లు. నేను పెట్టుకోలేదు. "చెవులు మూసుకుంటే కప్పు మోత ఎట్ల వినపడ్తదిరా?" అని కొత్తగా వచ్చినవాళ్లకు పాఠం కూడా చెప్పేవాడిని. నా ప్లగ్గులు టిఫిన్ డబ్బా మూత గలగలమనకుండా మధ్యలో దోపుకునేవాడిని. కప్పు కొట్టి వినేది పూటకు పావుగంట. పక్కన డ్రిల్లు మిషను, బొగ్గెత్తే మిషను పళ్లు అదిరేలా మోగేది గంటల తరబడి. ఆ పావుగంట కోసం మిగతా గంటలన్నీ చెవులు బార్లా తెరిచి పెట్టుకున్న తెలివి నాది. నా పాఠం విన్నవాళ్లలో ఎంతమందికి ఇప్పుడు వినపడటం లేదో నాకు తెలియదు, అడగాలంటే సిగ్గేస్తుంది.

మూడేళ్ల కిందటి ఎండాకాలంలో మొదలైంది. చెవుల్లో సన్నటి ఈల, ఆగకుండా. నా భార్య సమ్మక్క వంటింట్లోంచి వచ్చి నిలబడి, "ఏమయ్యా, కుక్కర్ ఐదు కూతలు వెట్టింది, బంద్ చెయ్యమంటే ఉలుకవు పలుకవేంది?" అని అడిగింది. ఏది కుక్కరో ఏది నా తలో తెలియక ఊరుకున్నానని ఎలా చెప్పను? పరధ్యానంలో ఉన్నానన్నాను. తర్వాత మాటలు అరిగిపోవడం మొదలైంది. మనిషి మాట్లాడుతున్నట్టు తెలిసేది, ఏమన్నాడో తెలిసేది కాదు. "ఆఁ ఆఁ" అని తలూపడం నేర్చుకున్నాను. బాయిలో కట్టెతో కొడితే అన్ని రాళ్లూ ఒకేలా మోగేవి. పాత అలవాటుతో, రాయి మీద గీతలు చూసి, ఇంతకాలం ఏమీ కాలేదన్న ధైర్యంతో నెట్టుకొచ్చాను. భయం లేదని చెప్పను.

ఇంట్లోవాళ్లకు ఆర్నెల్లలో తెలిసిపోయింది. ఏడుస్తారనుకున్నాను. సమ్మక్క ముఖం వెలిగిపోయింది.

"మంచిగైంది తియ్యి! బోర్డుకు వెట్టుకో. పోరనికి నౌకరి అస్తది."

మా దగ్గర పద్ధతి తెలియనివాళ్లకు చెప్పాలి. ఆరోగ్యం చెడి ఇక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, ఆ మనిషి ఉద్యోగం అతని వారసుడికి వస్తుంది. మా కొడుకు ప్రశాంత్ డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్నాడు, ఇరవై ఏడేళ్లు. "నీ ఇష్టం బాపు" అన్నాడు గానీ, చెట్టు మీద పండుతున్న మామిడికాయను చూసినట్టు నా చెవుల వంక చూశాడు. మా కాలనీలో ఈ విద్యకు గురువులు కూడా ఉన్నారు. శుభ్రంగా వినపడే మనిషికి చెవుడు ఎలా నటించాలో టీ కొట్టు దగ్గర ఉచితంగా నేర్పుతారు. వెనక పళ్లెం పడితే ఉలిక్కిపడకూడదట, ఎవరైనా తిడితే ముఖం మార్చకూడదట. అంతా కలిసి వినేవాళ్లను చెవిటివాళ్లుగా తయారుచేస్తుంటే, చెవిటివాడినై వినపడుతున్నట్టు నటించిన ఏకైక మేధావిని నేను. ఏటా జరిగే పరీక్షలో అద్దాల గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడ్డప్పుడు చెయ్యెత్తమంటారు. బటన్ నొక్కినప్పుడల్లా ఆ పరీక్ష చేసే అమ్మాయి మోచెయ్యి కదిలేది. నేను మోచెయ్యిని చూసి చెయ్యెత్తాను, పాసయ్యాను.

బోర్డుకు ఎందుకు పెట్టుకోలేదని అడిగితే గొప్ప కారణం ఏమీ లేదు. చెవుల సర్దార్ చెవిటివాడైపోయాడన్న మాట పడలేకపోయాను. నా కింద పదిమంది ప్రాణాలున్నాయన్న ఆలోచన దాని తర్వాతే వచ్చేది.

కిందటేడు వానకాలంలో, మా అన్నను చూసే మిషతో నెల్లికుదురు పోయి, అక్కడి నుంచి ఎవరికీ చెప్పకుండా మానుకోటలో ఒక చెవుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. వరండాలో బెంచీల నిండా జనం. లోపలి నుంచి పేర్లు పిలుస్తున్నారు. చెవులు వినపడనివాళ్లను గది లోపల నుంచి పేరు పెట్టి పిలిచే ఏర్పాటు కనిపెట్టినవాడికి దండ వెయ్యాలి. నా తర్వాత వచ్చినవాళ్లు కూడా వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చున్నాను. కేసముద్రం మార్కెట్లో మక్కజొన్నలు అమ్ముకుని వచ్చిన ఒక అవ్వ నా పక్కకు జరిగి, నా ముఖంలోకి వంగి అడిగింది.

"నీ పేరేంది బిడ్డా?"

చెప్పాను.

"గట్లనా? ఎప్పుడో విలిచిన్రు గదా! ఉండు, మళ్ల చెప్పొస్త. ఈపారి విలిస్తే నీ మోకాలు గొడ్త."

చెప్పినట్టే లోపలికి వెళ్లి చెప్పి వచ్చింది, పిలిచినప్పుడు మోకాలు మీద కొట్టింది. ఈ మూడేళ్లలో నాకు జరిగిన వైద్యంలో మొదటి మంచిపని అదే.

డాక్టరమ్మ డోర్నకల్ మనిషి, తీరిగ్గా మాట్లాడే మనిషి. నా వైపు తిరిగి, పెదవులు కనపడేలా చెప్పింది. "చెవి లోపట సన్నటి వెంట్రుకల లెక్క కణాలుంటయన్నా. మీ మిషన్ల మోతకు అవి పడిపోయినయి. మనిషికి మళ్ల మొలవవు."

"ఎవ్వలికీ మొలవయా అమ్మా?"

"కోళ్లకు మొలుస్తయి."

వెక్కిరిస్తోందనుకున్నాను. కాదట, పక్షులకు నిజంగానే తిరిగి వస్తాయట. "మనుషులకు గూడ మొలిపియ్యాలని పెద్ద పెద్ద ల్యాబులల్ల పనిచేస్తున్నరు. కొన్ని మందులు మనుషుల మీద గూడ చూసిన్రు, అనుకున్నంత పనిచెయ్యలే. రేపెప్పుడన్న రావొచ్చు. ఇయ్యాల మాత్రం కొనుక్కునే మందు లేదు. ఒక్కటి యాదికుంచుకోండి. నిజంగ ప్రయోగం చేసేటోళ్లు మీ కాడ పైసలు తీసుకోరు. నయమైతదని మాట గూడ ఇయ్యరు" అంది. చెవుల్లో గుబిలి గట్టిపడిందని, చుక్కల మందు వేసుకుని వారం తర్వాత వస్తే తీస్తానంది. చెవికి వినికిడి మిషను పెట్టుకోమంది, భూమి కింద పని మానెయ్యమంది. నేను తలూపి వచ్చేశాను, మళ్లీ పోలేదు. మా అన్న వాకిట్లో గింజలేరుకుంటున్న కోళ్లను చూసి ఆ పూట నాకు కలిగిన అసూయ ఇంకెవరి మీదా కలగలేదు.

మా బామ్మర్ది శ్రీనుకు జనగామలో టెంట్లు, డీజే బాక్సులు అద్దెకిచ్చే వ్యాపారం. వాడికీ సగం వినపడదు, అందుకే ఎప్పుడూ అరుస్తూ మాట్లాడతాడు. నా సంగతి కనిపెట్టి, ఫోన్లో నా చెవి చిల్లిపడేలా అరిచాడు.

"బావా! పట్నం నుంచి పెద్ద డాక్టరొస్తుండు, ఆదివారం ఆదివారం లాడ్జిల క్యాంపు. నీ రక్తమే తీసి, ఏదో చేసి, నీ చెవులకే ఎక్కిస్తరు. వెంట్రుకలు మళ్ల మొలుస్తయట! జర నా మాట విను."

డాక్టరమ్మ ఉచితంగా చెప్పిన నిజాన్ని పక్కన పెట్టి, డీజే బాక్సులవాడు అరిచి చెప్పిన వైద్యానికి బస్సెక్కాను. దాచుకున్న డబ్బు కూడా సంచిలో పెట్టుకుని వెళ్లాను.

లాడ్జి మీటింగు హాల్లో కుర్చీల మీద రైస్‌మిల్లు మనుషులు, వరికోత మిషను డ్రైవర్లు, డప్పు కొట్టేవాళ్లు, డీజే పెట్టేవాళ్లు. ఎవరికీ వినపడదు కాబట్టి అందరూ అరుస్తున్నారు. టోకెను నంబరు పిలిచే అమ్మాయి మాత్రం గొంతు పెగలనట్టు పిలుస్తోంది. గోడ మీద టీవీలో చెవి లోపలి బొమ్మ, అందులో వెంట్రుకలు నారుమడిలా పచ్చగా లేస్తున్నాయి. కోటు వేసుకున్న డాక్టరు సారు వచ్చి, ఇది సరికొత్త పరిశోధన అని, ఇంకా పెద్ద ఆసుపత్రులకే తెలియదని అన్నాడు. పెద్ద ఆసుపత్రులకు తెలియనిది జనగామ లాడ్జికి ఎలా తెలిసిందని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. నేనూ అడగలేదు. ఇంగ్లిషు కాగితాల మీద నాలుగు చోట్ల సంతకం పెట్టాను. ఇది ప్రయోగం మాత్రమేనని, ఫలితానికి బాధ్యత లేదని, నా ఇష్టపూర్తిగా వచ్చానని వాటిలో ఉందని తర్వాత ప్రశాంత్ చదివి చెప్పాడు.

ముందు రెండు చెవులూ శుభ్రం చేశారు, నల్లటి ముద్దలు వచ్చాయి. తర్వాత కర్ణభేరి లోపలికి సూది. మంచం, గోడ, డాక్టరు, అన్నీ గిర్రున తిరిగాయి. తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీలోంచి వాంతి చేసుకుంటుంటే, కండక్టర్ టికెట్లు ఆపి తన నీళ్ల సీసా ఇచ్చి వీపు నిమిరాడు. శ్రీను మాత్రం, "మందు పనిచేస్తున్నదన్నట్టు బావా" అన్నాడు. ఇంట్లో పడుకుని లేచాక, ఫ్యాను చప్పుడు వినపడింది. నిజంగా వినపడింది. వీధిలో ఆటో వస్తే తెలిసింది. ఏడ్చాను. రెండు వారాల తర్వాత రెండో సూదికి పోయినప్పుడు ఆ సంతోషంలోనే పూలగుత్తి పట్టుకుని కెమెరా ముందు నిలబడ్డాను. నయమైంది కదా, ఇక దాచేదేముందనుకున్నాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు. డాక్టర్ సారు దేవుడన్న మాట కూడా నా సొంతమే.

ఇప్పుడు ఓదెలు గురించి చెప్పాలి. కేసముద్రం దగ్గరి మనిషి, కప్పుకు ఆసరా దిమ్మెలు పెట్టే పని, పదకొండేళ్లుగా నాతోనే. ఓదెలుకు కొంతకాలంగా రెండు పాడలవాట్లు పట్టుకున్నాయి. పైఅధికారి ఏం చెప్పినా, "చూడు సర్దార్, రెండో దర్వాజకాడ దిమ్మెలు మార్చాల్నట, మనకే చెప్పాల్నా?" అని గట్టిగా గొణిగేవాడు. నేను కప్పు కొట్టి ముందుకు కదిలాక, వెనకనే తన గడ్డపారతో మళ్లీ కొట్టేవాడు. వాడి చాదస్తమని వదిలేసేవాడిని. కొత్త చెవులు వచ్చాయి కదా, ఆ కార్తీకంలో ఒక ఉదయం అందరి ముందు కసిరాను.

"ఏందిరా, నా ఎన్క మళ్ల గొడ్తవేంది? నా చెవుల మీద నమ్మకం లేదా? వీడియో చూడలేదా నువ్వు?"

నలుగురూ నవ్వారు. ఓదెలు గడ్డపార దించాడు. "నీ ఇష్టం సర్దార్" అన్నాడు.

నేను కొట్టాను. ఖంగుమన్నట్టే ఉంది. రమ్మన్నాను. కాసేపటికి మంచమంత రాయి దిగింది. దాని చప్పుడు నేను వినలేదు, దుమ్ము చూశాను. దుమ్ములో ఓదెలు కూర్చుని ఉన్నాడు, కుడి పాదం రాయి కింద ఉంది.

ఆసుపత్రి వరండాలో నేను గోడకానుకుని నిలబడితే, ఓదెలు భార్య వచ్చి నా చేతిలో టీ గ్లాసు పెట్టింది. "పొద్దటి సంది ఏం తినలేదట గదా అన్నా" అంది. తిట్టినా బాగుండేది. సగం పాదం తీసేశారు. మూడో రోజు ఓదెలు నన్ను మంచం దగ్గరికి పిలిచి, ముఖానికి ముఖం పెట్టి మాట్లాడాడు.

"సాహెబ్‌లు అడిగిన్రు. సర్దార్ కొట్టిండు, ఖంగుమన్నది, నేను గూడ విన్న అని చెప్పిన. నువ్వు గూడ గదే చెప్పు."

"నువ్వు విన్నవా?"

"నీ కట్టె కాడి నుంచి నేను ఎన్కకున్న, మిషన్ మోతల నాకేం వినపడ్తది? నీకు వినపడదని మాత్రం రెండేండ్ల సంది ఎర్కనే సర్దార్."

అప్పుడు తెలిసింది ఆ గొణుగుడు ఎవరి కోసమో, ఆ గడ్డపార ఎవరి కోసమో. ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెప్తె నువ్వు పోతవ్. నీ పేరు పోతది. నేను ఎన్కకుంట గదా, ఏంగాదనుకున్న" అన్నాడు. నేను వాడి మంచం పట్టీ పట్టుకుని ఏడ్చాను. వాడు నన్ను ఓదార్చాడు, పాదం పోయిన మనిషి.

మర్నాడు మేనేజరుకు కాగితం రాసిచ్చాను. నాకు రెండేళ్లుగా వినపడదు, పరీక్షలో మోసం చేశాను, కప్పు డొల్లగా మోగి ఉంటుంది, నేను వినలేదు. నా జీవితంలో నేను చేసిన ఒక్క మర్యాదైన పనికి జనం ఇచ్చిన విలువ వినండి. "ప్రమాదాన్ని గూడ కొడుకు నౌకరికి వాడుకున్నడు" అన్నారు. టీ కొట్టు గురువులు ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగారు. సమ్మక్క కూడా తలుపు వేసి మెల్లగా అడిగింది, "బోర్డు కోసమేనా గట్ల రాసిచ్చినవ్?" ఆమెతో నెల రోజులు మాట్లాడలేదు.

ఫిబ్రవరిలో బోర్డు పిలిచింది. ఒక డాక్టరు తన ఫోను నా ముందు పెట్టాడు. నీలం చొక్కా, గులాబీ కర్టెను. నన్ను నేను వినలేకపోయినా, ఏమంటున్నానో కంఠతా వచ్చు. అబద్ధమని చెప్పాను. అప్పుడు అబద్ధమా, ఇప్పుడా అని అడిగారు. వెనక ఎవరో తాళాల గుత్తి పడేశారట, నేను తిరగలేదట. "మంచిగ తయారై వచ్చిండు" అని ఒకరన్నారట. ఇవన్నీ తలుపు దగ్గర నిలబడ్డ ప్రశాంత్ తర్వాత చెప్పాడు, చెబుతున్నప్పుడు వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. చివరికి తలకు వైర్లు అంటించి చేసే పరీక్షకు పంపారు. అందులో చెయ్యెత్తే పని లేదు, నటించడానికి వీలు లేదు. చెవిలో చప్పుడు పెడితే మెదడు ఉలుకుతుందా లేదా అన్నది యంత్రమే చూసుకుంటుంది. ఇన్నాళ్లలో నా మాట నమ్మింది ఆ యంత్రం ఒక్కటే.

అన్‌ఫిట్ అయ్యాక మానుకోటకు మళ్లీ వెళ్లాను, ఈసారి సమ్మక్క వెంట వచ్చింది. డాక్టరమ్మ అంతా విని అడిగింది, "సూదికి ముందు చెవులు సాఫ్ చేసిన్రా?" చేశారన్నాను. "గంతే మరి. గుబిలి పోతే జర వినపడ్డది. గది నేను వారం తర్వాత రమ్మన్ననాడే అయిపోయేది." ఓదెలు పాదాన్ని బలిగొన్న నా మహా వైద్యం చెవిలో గుబిలి తియ్యడం. డాక్టరమ్మ నవ్వలేదు, అది ఆమె మంచితనం. మిషను పెట్టింది. దానితో గదిలో ఒక మనిషి మాట తెలుస్తుంది, నలుగురుంటే గోల.

జూన్‌లో ప్రశాంత్ డ్యూటీలో చేరాడు. ప్లగ్గులు ఎక్కడ పెట్టావని మొదటి రోజే అడిగాను. "గవి వెట్టుకుంటె కప్పు మోత ఎట్ల వినపడ్తది బాపు?" అన్నాడు. నా మాటే, నా గొంతే. కొట్టాలనిపించింది, కానీ వాడిని ఓదెలు దగ్గరికి తీసుకెళ్లాను. ఓదెలుకు ఇప్పుడు భూమి మీద, బాయిలోకి దిగేవాళ్లకు దీపాలిచ్చే ల్యాంప్ రూములో పని. వాడు చెప్పు విప్పి పాదం చూపించి, "మిషన్ తిరిగేటప్పుడు వెట్టు, కట్టె వట్టినప్పుడు తియ్యి. గంతే బిడ్డా" అన్నాడు. ముప్పై ఏళ్లయినా నా బుర్రకెక్కని ముక్క అది. ప్రశాంత్ టిఫిన్ డబ్బా మూత రోజూ విప్పి చూస్తున్నాను, మధ్యలో ప్లగ్గులు దొరకలేదు ఇంతవరకు.

మొన్న ఆదివారం ఓదెలు ఇంట్లో కూర్చుని ఉంటే ఫోను వచ్చింది. జనగామ అవతల రైస్‌మిల్లులో పనిచేసే మనిషట. ఫోను మాట నాకు అందదు కాబట్టి ఓదెలు తీసుకున్నాడు. కాసేపు విని, పాత అలవాటుతో గట్టిగా గొణిగాడు.

"చూడు సర్దార్, లాడ్జికాడ లైన్ల నిలబడ్డడట. వీడియో చూసి వచ్చిండట. నీకు నిజంగనే వినపడ్తున్నదా అని అడుగుతుండు. మనకే చెప్పాల్నా?"

"వినపడ్తలేదని చెప్పు" అన్నాను.

ఓదెలు ఫోను నా చేతిలో పెట్టాడు.

"నువ్వే చెప్పు. అప్పుడు గూడ నువ్వే చెప్పినవ్ గదా."

అవతల ఆ మనిషి ఉన్నాడో పెట్టేశాడో నాకు తెలియదు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, ఆ వీడియోలో ఉన్నది నేనేనని మొదలుపెట్టి, ఓదెలు పాదం దాకా అంతా చెప్పాను. చెప్పడం అయ్యాక ఓదెలు వైపు చూశాను. వాడు ఫోను తీసుకుని చెవికి పెట్టుకుని విన్నాడు.

"లైన్ల నుంచి బయటికొచ్చిండట" అన్నాడు.